మూడు గంటల దగ్గు, ఐదు గంటల దెబ్బ

“ఆ అమ్మను చంపింది నేనే సార్. ఇంకెవర్నీ అడగకుండ్రి.”

లాకప్పు గదిలో గోడకు ఆనుకొని కూర్చున్న దానియేలు తల ఎత్తకుండానే ఆ మాట అన్నాడు. అతను నాగర్‌కర్నూల్‌లో మోటారు మెకానిక్కు. యాభై దాటాయి. వనపర్తిలో క్రైస్తవ మిషను డాక్టరు కారు దగ్గర పని నేర్చుకుని, ఇరవై ఏళ్లుగా ఆ చుట్టుపక్కల తిరిగే పది పన్నెండు మోటార్లనూ తన చేతులతోనే నడిపిస్తున్నవాడు.

ఇన్‌స్పెక్టర్ ధర్మయ్య గడియారం చూసుకున్నాడు. సోమవారం, ఉదయం ఏడు. మహబూబ్‌నగర్ నుంచి జిల్లా పోలీసు పెద్ద మోహతమీం ఆయనను పంపింది ఈ ఒక్క కేసు కోసమే. 1938 నవంబరు తేదీ వేసి ఉన్న కాగితంలో సంగతి నాలుగైదు వాక్యాల్లో ఉంది. తెలకపల్లి పటేలు గోవర్ధన్ రెడ్డి భార్య లలితమ్మ, ఎనిమిది నెలల గర్భిణి, శుక్రవారం సాయంత్రం ఇంట్లో రక్తస్రావమై పడిపోయింది. ఇంటి ముందు కారు ఉంది కానీ కదలలేదు. ఎడ్లబండిలో దవాఖానకు తీసుకుపోతుండగా, కడుపులో బిడ్డతో సహా దారిలోనే కన్నుమూసింది. ఆ కారును అంతకు ముందురోజు బాగుచేసింది దానియేలు కనుక, అతనే కావాలని దాన్ని చెడగొట్టాడని ఇక్కడి ఠాణా అమీన్ వెంకోబరావు నేరం మోపాడు.

“కావాలని చేసినవా?” అని అడిగాడు ధర్మయ్య.

లేదన్నాడు దానియేలు. మూడు రోజులుగా ఆ గదిలో కూర్చుని, తాను తిప్పిన ప్రతి బోల్టునూ మనసులో మళ్లీ తిప్పి చూసుకుంటున్నానని, ఎక్కడ చెయ్యి తప్పిందో అంతు చిక్కడం లేదని చెప్పాడు. లలితమ్మ ఎప్పుడు నాగర్‌కర్నూల్ వచ్చినా అతని షెడ్డు ముందు కారు ఆపించి, నీ భార్య ఆయాసం ఎట్లుందని అడిగి పోయేదట.

ధర్మయ్య ఓదార్చలేదు. గంటలు అడిగాడు.

గురువారం పది గంటలకు డ్రైవర్ భీమన్న కారు తెచ్చాడు. డిస్ట్రిబ్యూటర్ అరిగి ఊగుతోంది. నాలుగు సిలిండర్లకు వంతుల వారీగా నిప్పురవ్వను పంచిపెట్టే నల్లటి డబ్బా అది. దాని నడుమ ఒక ఇత్తడి ముల్లు తిరుగుతుంటుంది. ముల్లు ఏ తీగ ఎదుటికి వస్తే ఆ సిలిండరులో రవ్వ పుడుతుంది. దానియేలు ఆ డబ్బాను పైకి లాగి, అరిగిన బుష్షు మార్చి, తిరిగి దించి, రవ్వ పుట్టే సమయం సరిచేసి ఒంటి గంటకు బండి అప్పగించాడు.

“గీత కొట్టకుండ నేను ఏ డబ్బా ఊడదియ్య సార్. ఉలితోటి సగం గీత డబ్బా మెడ మీద, సగం ఇంజను మీద. మళ్ల బిగించినంక రెండు సగాలు కలిసి ఒక్క గీత కావాలె. కలిసిందనే అనుకున్న. నా కండ్లు ముందటి లెక్క లేవు. జర పక్కకు పోయిందేమో.”

ధర్మయ్య లేచి, ఇతన్ని తెలకపల్లి తీసుకుపోవాలన్నాడు.

అమీన్ వెంకోబరావు అడ్డం వచ్చాడు. ముప్పై అయిదేళ్ల మనిషి, ఇస్త్రీ చెదరని బట్టలు. మోటారు నడపడమూ మోటారు పనీ రెండూ తెలిసిన అమీన్ జిల్లా మొత్తంలో తానొక్కడినే అని చెప్పుకునే అలవాటుంది. ఒప్పుకున్న ముద్దాయిని లాకప్పు దాటించడం కుదరదన్నాడు. తప్పు చేశాననుకోవడం వేరు, నేరం ఒప్పుకోవడం వేరు అని ధర్మయ్య మోహతమీం సంతకమున్న కాగితం బల్ల మీద పెట్టాడు. వెంకోబరావు దాన్ని రెండుసార్లు చదివాడు. అయితే తానూ వస్తానన్నాడు.

జట్కాలో పది మైళ్లు. తెలకపల్లి చేరేసరికి తొమ్మిది దాటింది.

గోవర్ధన్ రెడ్డి నడవలో మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. మనిషి లేవలేదు. ధర్మయ్య అడిగినదానికి గోడను చూస్తూనే జవాబిచ్చాడు. శుక్రవారం పొద్దున తానే కారు నడుపుకుంటూ పల్లి చేనుకు పోయి, ఒంటి గంటకు తిరిగి వచ్చానన్నాడు. బండి ఎట్లా నడిచిందని అడిగితే, ఏ తిప్పలూ పెట్టలేదన్నాడు.

వాకిట్లో నిలబడ్డ దానియేలు ఆ మాట విన్నాడు. గురువారం చేసిన పని తప్పయితే శుక్రవారం ఒంటి గంట దాకా బండి నడిచేది కాదు. అతను మొదటిసారి తల ఎత్తి కారు వైపు చూశాడు.

మిగిలిన గంటలు చెప్పింది గోవర్ధన్ రెడ్డి తల్లి జోగులమ్మ. ఆమె గడప మీద కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకోకుండా, కన్నీళ్లు లేకుండా, అడిగినవాటికి అడిగినట్టు చెప్పింది. రెండు గంటలకు అమీన్ ఇద్దరు జవాన్లతో వచ్చాడు. లలితమ్మ తమ్ముడు తిమ్మప్ప మీద నిషేధించిన కరపత్రాలు పంచిన కేసు ఉంది. అతను ఆ సాయంత్రం పొద్దు గుంకే వేళకు సోమశిల దగ్గర పడవెక్కి కృష్ణ దాటుతాడని, అవతల ఒడ్డు ఇంగ్లీషు ఇలాకా కనుక అక్కడికి చేరితే ఇక చేతికి చిక్కడని, వెంటనే పోవడానికి కారు కావాలని అడిగాడు. తీసుకుపొమ్మన్నాడు గోవర్ధన్ రెడ్డి. కాదంటే పటేలుగిరీ పోతుందని భయం. తలుపు వెనకాల లలితమ్మ ఉంది. వినే ఉంటుంది.

అమీనూ జవాన్లూ అన్నం తిని వచ్చి మూడు గంటలకు కారు హ్యాండిల్ తిప్పితే అందుకోలేదు. దాని సెల్ఫు చెడిపోయి ఏడాదయింది, ఎప్పుడూ చేత్తో తిప్పడమే. భీమన్న తిప్పాడు, జవాన్లు తిప్పారు. అమీన్ భీమన్నను ఊళ్లోకి గుర్రం వెతకడానికి పంపి, తాను నాలుగు గంటల దాకా బానెట్ మీద వంగి ఉండి, చివరకు విసుక్కుంటూ వెళ్లిపోయాడు. నాలుగూ ముప్పావుకు లలితమ్మ వెనక వసారాలో పడిపోయింది. భీమన్న కారు దగ్గరికి పరుగెత్తాడు. జోగులమ్మ కోడలి తల ఒళ్లో పెట్టుకుని లోపలే ఉంది కనుక చూడలేదు, విన్నది మాత్రమే.

“మూడు గంటలప్పుడు బండి ముసలోళ్ల లెక్క దగ్గింది సార్. శానసేపు దగ్గింది. ఐదు గంటలప్పుడు దగ్గలే. ఒక్కటే దెబ్బ. ఎంబడే భీమన్న మొత్తుకున్నడు.”

హ్యాండిల్ ఎదురు తన్ని భీమన్న కుడి మణికట్టు విరిగింది. ఎడమ చేత్తో మళ్లీ తిప్పాడు గానీ లాభం లేకపోయింది. ఐదున్నరకు ఎడ్లు కట్టి పరుగున తోలారు. బండిలో లలితమ్మ నొప్పిని గురించి ఒక్క మాట అనలేదని, పొద్దు గుంకిందా, పొద్దు గుంకిందా అని మాత్రం అడుగుతూ పోయిందని చెప్పింది జోగులమ్మ. ఏడున్నరకు, నాగర్‌కర్నూల్ దీపాలు కనబడుతుండగా, ప్రాణం పోయింది.

ధర్మయ్య ఆ రెండు చప్పుళ్లనూ చిన్న పుస్తకంలో రాసుకుని కారు దగ్గరికి నడిచాడు.

బానెట్ ఎత్తగానే దానియేలు తన గీత కోసం వెతికాడు. డబ్బా మెడ మీద సగం ఉంది. ఇంజను మీద సగం ఉంది. రెండింటి మధ్య బొటనవేలి గోరంత ఎడం. డబ్బాను పట్టి ఉంచే బోల్టు తల చెక్కుకుపోయి, కొత్తగా మెరుస్తోంది. దాని మీద వరుసగా సన్నని పళ్ల గాట్లు. తన దగ్గరా భీమన్న దగ్గరా ఆ బోల్టుకు సరిపోయే పానా ఉందని, పానాతో విప్పితే ఇట్లాంటి గాట్లు పడవని, ఇవి ప్లయరు గాట్లని దానియేలు చెప్పాడు.

ఏమీ విప్పకముందే ముల్లు ఎటు చూస్తోందో చెప్పమన్నాడు ధర్మయ్య. దానియేలు మొదటి ప్లగ్గు తీసి, ఆ రంధ్రం మీద బొటనవేలు అదిమిపెట్టాడు. ధర్మయ్య కోటు విప్పి హ్యాండిల్ మెల్లగా తిప్పాడు. వేలి కింద గాలి బుస్సుమని తన్నగానే దానియేలు ఆగమన్నాడు. ఒక్కో వంతుకు పిస్టన్ రెండుసార్లు పైకి వస్తుంది. రవ్వ కావలసింది మాత్రం గాలి బిగిసి వేలిని తోసే ఈ ఒక్కసారే. రెండోసారి రవ్వ పుడితే ఇంజను దగ్గుతుందే తప్ప అందుకోదు. డబ్బాలో ముల్లు అర చుట్టు తప్పి కూర్చుంటే జరిగేది అదే. దానియేలు మూత తీసి చూశాడు. ముల్లు మొదటి తీగ ఎదుటనే ఉంది. వంతు తప్పలేదు.

“మరి హ్యాండిల్ ఎందుకు తన్నింది?”

డబ్బా పక్కకు తిరిగి ఉండడం వల్ల రవ్వ తొందరగా పుడుతోందన్నాడు దానియేలు. పిస్టన్ ఇంకా పైకి వస్తుండగానే పేలుడు దాన్ని వెనక్కి తంతుంది. అప్పుడు హ్యాండిల్ పట్టుకున్న చెయ్యి విరగక మానదు.

ఇప్పుడు కారు ఉన్న తీరు ఐదు గంటల దెబ్బకు సరిపోతుంది. మూడు గంటల దగ్గుకు సరిపోదు. అంటే మూడింటికి ముల్లు అర చుట్టు తప్పి ఉంది. ఐదింటికి ఎవరో దాన్ని మళ్లీ సరైన వంతుకు తెచ్చారు. చెడగొట్టిన తీరు తెలిసినవాడు తప్ప అంత తొందరలో ఇంకెవరూ దాన్ని సరిచేయలేరు. ఆ మాట ఆయన పైకి అనలేదు. దాన్ని సరిచేసి నడిపించు అని మాత్రం దానియేలుతో అని, గడియారం చేతిలోకి తీసుకున్నాడు.

దానియేలు చేతుల్లోకి ప్రాణం వచ్చింది. బోల్టు వదులు చేసి డబ్బా పైకి లాగాడు. అడుగున పళ్లు అరగలేదని చూసి, కిరసనాయిలు గుడ్డతో తుడిచాడు. హ్యాండిల్ ఇంకాస్త తిప్పించి, ఇంజను చక్రం అంచు మీది గుర్తు సూదికి ఎదురుగా రాగానే ఆపాడు. డబ్బా దిగేటప్పుడు పళ్లు ముల్లును కొంచెం పక్కకు తిప్పుతాయి కనుక, ఆ కొంచాన్నీ ముందే వెనక్కి పెట్టి దించాడు. ముల్లు తనంతట తాను తిరిగి మొదటి తీగ ఎదుట ఆగింది. సార్, ఒక సిగరెట్టు ఇయ్యుండ్రి అన్నాడు. పొగాకు దులిపేసి, ఆ పలుచని కాగితాన్ని డబ్బాలో రవ్వను పుట్టించే రెండు చిన్న లోహపు బిళ్లల మధ్య పెట్టాడు. ఒక చేత్తో కాగితం కొస పట్టుకుని, రెండో చేత్తో డబ్బాను వెంట్రుకవాసి చొప్పున తిప్పాడు. బిళ్లలు కాగితాన్ని పట్టే ఉన్నాయి. పట్టే ఉన్నాయి. ఒక్కచోట వదిలాయి. కాగితం జారి చేతిలోకి వచ్చింది. అక్కడే బోల్టు బిగించాడు.

గీత సగాలు రెండూ కలిసి ఒక్కటయ్యాయి.

ధర్మయ్య హ్యాండిల్ ఒక్కసారి తిప్పాడు. ఇంజను అందుకుంది.

ఆ శబ్దానికి జోగులమ్మ గడప దిగి వచ్చింది. కదులుతున్న ఇంజనును చూస్తూ కొంతసేపు నిలబడి, బాగుచేయడానికి ఎంతసేపు పట్టిందని అడిగింది. ధర్మయ్యకు అబద్ధం చెప్పబుద్ధయింది. చెప్పలేకపోయాడు. ఇరవై రెండు నిమిషాలు అన్నాడు.

“ఇర్వై రెండు నిమిషాలు,” అన్నది జోగులమ్మ. “మా పిల్ల రెండు గంటలు ఎడ్లబండిల పన్నది సార్.”

దానియేలు చెయ్యి చాచి ఇంజను ఆపేశాడు. జోగులమ్మ చాబి తీసుకుపోయి కొడుకు మంచం మీద పెట్టి వచ్చింది.

ప్లయరు సంగతి ధర్మయ్య అప్పుడే అడిగాడు. శుక్రవారం ఎవరైనా ఇంట్లో ప్లయరు అడిగారా అన్నాడు. మూడున్నరకు అమీన్ జవాను వచ్చి అడిగితే, బావి కాడి ఇంజను పెట్టెలోంచి తానే తీసి ఇచ్చానని జోగులమ్మ చెప్పింది. తెప్పించి చూస్తే దాని పళ్ల ఎడం, బోల్టు మీది గాట్ల ఎడం ఒక్కటే.

ధర్మయ్య వెంకోబరావును వేపచెట్టు కిందికి పిలిచి ప్లయరు చూపించాడు. వెంకోబరావు మొదట తనకు తెలియదన్నాడు. తరువాత, సర్కారు పని మీద ఉన్నానని, బండి నడవకపోతే టైమింగు సరిచేసి చూశానని, అది నేరమెట్లా అవుతుందని అడిగాడు.

“చూసుడు నేరం కాదు అమీన్ సాబ్,” అన్నాడు ధర్మయ్య. “డబ్బా పక్కకు తిప్పి, తిప్పినకాడ్నే బిగించి పోయినవు. భీమన్న చెయ్యి ఇరిగింది అందుకు. ఆమె దవాఖానకు పోకపోవుడు అందుకు. అది తెల్సి కూడ, ఎవరూ ముట్టలేదని పంచనామా రాసి దానియేలును లోపలేసినవు.”

“నేను ముట్టకముందే బండి చెడింది. చెడగొట్టింది ఎవరో అది తేల్చుండ్రి ముందు.”

“తేలుస్త.”

“ఆ తిమ్మప్పను పారిపోనిచ్చినోళ్లు ఈ ఇంట్లనే ఉన్నరు. మీరు మెకానిక్కును కాపాడుతున్నరు, నాకు తెల్వదనుకోకుండ్రి.”

అప్పుడే కొల్లాపూర్ వైపు నుంచి ఒక జవాను సైకిలు మీద వచ్చి, చెమటతో తడిసిన చిట్టీ ఒకటి అమీన్ చేతిలో పెట్టాడు. వెంకోబరావు అది చదివి జేబులో వేసుకున్నాడు. అతని గొంతు మారిపోయింది. జరిగిందేదో జరిగిందని, దానియేలును వదిలేద్దామని, పంచనామా తిరగరాసి సంతకం పెడతానని మెత్తగా అన్నాడు. ధర్మయ్య ఆశ్చర్యపోలేదు. సిగ్గు పనిచేసిందనుకున్నాడు. అమీన్ నడవలోకి, గోవర్ధన్ రెడ్డి మంచం వైపు వెళ్లడం చూసి కూడా, క్షమాపణ చెప్పుకోవడానికి వెళుతున్నాడనే అనుకున్నాడు. ఆయన మనసంతా పశువుల కొట్టం పక్క గదిలో ఉన్న మనిషి మీద ఉంది.

భీమన్న గడ్డి మీద పడుకుని ఉన్నాడు. కుడి చేతికి వెదురు బద్దలు కట్టారు. గుర్తుపట్టలేనంతగా వాచింది. అతను లలితమ్మ పుట్టింటి మనిషి. గద్వాల దగ్గర వాళ్ల ఇంట్లోనే పెరిగి, ఆమె పెళ్లయినప్పుడు ఆమె వెంట ఈ ఊరు వచ్చాడు. శనివారం నుంచి ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదని, గంజి కూడా ముట్టలేదని జోగులమ్మ ముందే చెప్పింది.

ధర్మయ్య ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. ప్రశ్న వేయలేదు. తాను తెలుసుకున్నది వరుసగా చెప్పుకుపోయాడు. ఒంటి గంటకు బండి బాగుంది. మూడింటికి దగ్గింది, అంటే ముల్లు అర చుట్టు తప్పి ఉంది. ఐదింటికి దగ్గలేదు, తన్నింది. నడుమ ఎవరో అర చుట్టు వెనక్కి పెట్టారు. నాలుగూ ముప్పావు తరువాత బానెట్ ఎత్తింది నువ్వొక్కడివే.

“గిట్ల ఎందుకు చేసినవు భీమన్నా? ఆ ఇంట్ల పెరిగినోడివి.”



“చెయ్యమన్నది లలితక్కనే,” అన్నాడు.

రెండున్నరకు ఆమె వెనక వాకిట్లోకి వచ్చిందట. పొద్దు గుంకేదాకా ఈ బండి కదలొద్దు భీమన్నా, తిమ్మప్ప పడవెక్కాలె అన్నదట. ఎట్లా చేస్తావని అడగలేదు. ముల్లు తీసి దాచిపెడితే మూత తీసి చూసిన అమీన్ వెంటనే పట్టేస్తాడు, పటేలు ముందు ఆమె దొరికిపోతుంది. అందుకని భీమన్న డబ్బా మొత్తం పైకి లాగి, ముల్లును అర చుట్టు తిప్పి, మళ్లీ దించాడు. పైకి అన్నీ ఉన్నచోటనే ఉంటాయి. పది నిమిషాల పని. పొద్దు గుంకినాక మళ్లీ పది నిమిషాల్లో సరిచేయవచ్చు.

నాలుగూ ముప్పావుకు ఆమె పడిపోతుందని ఎవరికి తెలుసు?

అతను పరుగెత్తి డబ్బా లాగి, ముల్లును అర చుట్టు వెనక్కి తిప్పి, డబ్బా ఏ తీరున ఉందో ఆ తీరునే దించి బిగించాడు. గుర్రం కోసం ఊళ్లోకి పోయినప్పుడు వెనక అమీన్ ఏం చేశాడో అతనికి తెలియదు. గీత వైపు చూడలేదా అని అడిగాడు ధర్మయ్య. లోపల అక్క మూలుగు వినిపిస్తుంటే గీత కనిపించలేదన్నాడు భీమన్న. తాను సరిగ్గా పెట్టలేకనే ఆమె పోయిందని మూడు రోజులుగా అనుకుంటున్నాడు. అమీన్ డబ్బాను పక్కకు తిప్పి బిగించిన సంగతి ధర్మయ్య ఇప్పుడు చెప్పాడు. దానివల్ల అతనికి కొంత తెరిపి వస్తుందనుకున్నాడు.

“ఎవరెంత తిప్పిన్రో నాకు తెల్వదు సార్. ముందుగాల చెయ్యి పెట్టింది నేనే గద.”

విరిగిన చేత్తో అతను ఎడ్లబండి పక్కన పరుగెత్తుతూ పోయాడు. పొద్దు గుంకిందా అని ఆమె మాటిమాటికీ అడిగింది. చీకటికి భయపడుతోందని అత్త అనుకున్నది. ఆమె లెక్కపెడుతున్నది పడవ వేళను. గుంకింది అక్కా అని భీమన్న చెప్పాక మళ్లీ అడగలేదు. కాసేపటికి అతన్ని దగ్గరికి రమ్మని, నువ్వు చేసినవని చెప్పకు, తమ్ముని పేరు బయటికొస్తది అన్నది. ఆమె మాట్లాడిన ఆఖరు మాట అదే.

ధర్మయ్య చిన్న పుస్తకం మూసేశాడు. ఇందులో ఏది రాసినా చచ్చిపోయిన మనిషి ముద్దాయి అవుతుంది. రాయకపోతే దానియేలు మీది కేసు పూర్తిగా కొట్టేయరు. ముప్పై ఏళ్ల నౌకరీలో ఆయన ఎన్నో కాగితాలు రాశాడు. ఎవరి మీదా రాయబుద్ధి కాని కేసు ఇదొక్కటే. తిమ్మప్ప క్షేమంగా దాటాడు కదా, అదైనా దక్కింది అన్నాడు.

భీమన్న మొదటిసారి ఆయన ముఖంలోకి చూశాడు.

“దాటిండు. కని మళ్ల వస్తున్నడు.”

శనివారం భీమన్న, ఊళ్లోకి చేపలమ్మ వచ్చిన సోమశిల జాలరి ఒకతనితో తిమ్మప్పకు సంగతి చెప్పి పంపాడు. ఉన్న ఒక్క అక్క పోయిందని తెలియకుండా ఎట్లా ఉంచుతామని అన్నాడు. రావద్దని, వస్తే పట్టుకుంటారని కూడా చెప్పమన్నాడు. నిన్న జవాబు వచ్చింది. సోమవారం పన్నెండున్నర పడవకు వస్తున్నానని, అక్క బూడిదనైనా కండ్ల చూసి పోతానని.

“ఇంకెవరికి తెలుసు?”

“ఆ జాలరికి. నాకు.”

సైకిలు మీద వచ్చిన జవాను చెమట చిట్టీ ధర్మయ్య కళ్ల ముందు మెదిలింది. అతను వచ్చింది కొల్లాపూర్ దారి నుంచి. ఆ దారి సోమశిలకు పోతుంది. అమీన్ గొంతు మెత్తబడింది చిట్టీ చదివినాకనే.

ఆయన లేచి నిలబడేలోపే వాకిట్లో ఇంజను అందుకుంది. రెండు నిమిషాల్లో గేటు దాటి దక్షిణం వైపు మళ్లిన శబ్దం గది దాకా వినిపించింది. ధర్మయ్య పరుగెత్తి కొట్టం దాటాడు. దుమ్ము తప్ప ఏమీ లేదు. గడియారంలో పదకొండు దాటి అయిదు నిమిషాలు. సోమశిల ముప్పై మైళ్లు. ఆ కారుకు గంటన్నర కూడా పట్టదు. ఇంటి ముందు ఉన్నదల్లా ఒక జట్కా, పది మైళ్లు పరుగెత్తి అలిసిపోయిన గుర్రం.

కొట్టం గుంజను పట్టుకుని గోవర్ధన్ రెడ్డి నిలబడి ఉన్నాడు. ఎప్పుడు మంచం దిగి వచ్చాడో, ఎంతసేపటి నుంచి వింటున్నాడో తెలియదు. మూడు రోజుల గడ్డం, చెదిరిన జుట్టు. గది లోపల గడ్డి మీద లేచి కూర్చున్న భీమన్ననే చూస్తున్నాడు.

“తమ్ముని కోసం చెప్పిందా లలిత,” అన్నాడు. “నాకు చెప్పలేదు.”



“అమీన్ వచ్చి బండి అడిగిండు సార్. ఎందుకని నేను అడగలే. అది నా కండ్ల ముందట ఉండొద్దని, తీస్కపొమ్మని, చాబి నా చేతులతోటే ఇచ్చిన.”